నల్ల పట్టీ

మలక్‌పేట రైల్వే బ్రిడ్జి దాటాక మూడో గల్లీ.
మూతపడ్డ ప్రింటింగ్ ప్రెస్సును
పెద్దవాళ్లు ఉండే ఇల్లుగా మార్చాలి.
నా చేతిలో టేపు, చంకలో డ్రాయింగులు.

కొలతలు నాకు కొట్టినపిండి.
చక్రాల కుర్చీ తిరగడానికి అయిదడుగులు,
ర్యాంపుకు అంగుళం ఎత్తుకి అడుగు పొడవు,
కమోడ్ పక్క కడ్డీ నేలకు రెండడుగుల తొమ్మిదంగుళాలు.
పుస్తకంలో ఉన్నదే గీశాను.
పుస్తకానికి మోకాళ్లుండవని
అప్పటికి తట్టలేదు.

గుమ్మాల దగ్గర నల్ల గ్రానైటు పట్టీ మాత్రం నా సొంత ముచ్చట.
తెల్లటి నేలకు కాటుక దిద్దినట్టుండాలని
మేస్త్రీ జహంగీర్ చేత రెండుసార్లు తీయించి పెట్టించాను.

మొదట ఏడుగురు వచ్చారు.
మధ్యాహ్నం భోజనాల గది గుమ్మం ముందు
సకీనా బీ ఆగిపోయింది.
చెప్పు విడిచి, బొటనవేలితో పట్టీ అంచు తడిమి
రెండడుగులు వెనక్కి జరిగింది.
"అన్నం చల్లారిపోతోంది, రండమ్మా."
"ఎట్ల రావాలె? మూత తీసిపెట్టిండ్రు, కనబడ్తలేదా?"

మూసీ పక్కన బతికిన మనిషి.
వాననీళ్ల కింద నోరు తెరుచుకున్న మ్యాన్‌హోళ్లను
కర్రతో పొడిచి చూసుకుంటూ
కూతుర్ని బడికీ, మొగుణ్ని దవాఖానాకీ దాటించిన మనిషి.
మతిమరుపు ఆమె దగ్గర్నుంచి కూతురి పేరు పట్టుకుపోయింది,
మొగుడు పోయిన సంగతి కూడా.
గుంతను మాత్రం ముట్టుకోలేదు.

నేను పట్టీ మీదే నిలబడి చూపించాను.
"చూడండి, ఉత్త రాయి."
ఆమె కర్ర పారేసి
రెండు చేతులా నన్ను బయటికి గుంజింది.
"చిన్నపిల్లవు, పోతవ్ లోపటికి!"
నలభై ఆరేళ్ల నా మణికట్టు మీద
ఆ గోళ్ల గుర్తులు సాయంత్రం దాకా ఉన్నాయి.

"మేడమ్, ఇది మూడోసారి" అన్నాడు జహంగీర్,
ఉలి తీస్తూ.

కడ్డీ సంగతి తేల్చింది బుగ్గయ్య.
ముప్పయ్యొక్క ఏళ్లు ఆర్టీసీ కండక్టరు.
నా మెరిసే స్టీలును ఒకసారి పట్టుకుని వదిలేశాడు.
"జారుతది బిడ్డా. తడిచేత్తోని పట్టేది కదా?
బ్రేకు కొట్టంగనె ముందుగాల చెయ్యికి తెలుస్తది,
మనిషికి తర్వాత."
కమోడ్ మూత వేసి, పంచెతోనే కూర్చుని
కళ్లు మూసుకుని చెయ్యి గాల్లోకి పంపాడు,
ఉప్పల్ బస్సులో రాడ్డు కోసం పంపినట్టు.
అది ఆగినచోట పెన్సిల్ పెట్టాను.
పుస్తకం కన్నా నాలుగంగుళాలు ముందు, కాస్త ఏటవాలుగా.

మిగతా ఆరుగురినీ అట్లాగే కూర్చోబెట్టాను.
ఏ రెండు గుర్తులూ ఒకచోట పడలేదు.
మాణిక్యాంబ గారిదయితే అసలు ఎడమ గోడ మీద పడింది.
పక్షవాతం తర్వాత ఆవిడ కుడిచెయ్యి
ఒళ్లో పడుకున్న పిల్లిలా ఉంటుంది,
అప్పుడప్పుడు నిమురుకుంటుంది కూడా.

ఇంకో తప్పు కూడా చెప్పేస్తాను.
తలుపులన్నిటికీ ఒకే తెలుపు వేయించాను.
ఒక రాత్రి నీళ్లు తాగి వచ్చేసరికి
మాణిక్యాంబ గారి మంచం మీద బుగ్గయ్య గురక.
ఆవిడ లేపలేదు, తెల్లారేదాకా కుర్చీలోనే కూర్చుంది.
పొద్దున అందరి ముందూ చెప్పింది:
"కండక్టరు గారు టికెట్ లేకుండా ఎక్కారు."
ఆదివారంలోగా ఏడు తలుపులకు ఏడు రంగులు.
బుగ్గయ్యది బస్సెరుపు, అడిగి మరీ వేయించుకున్నాడు.

పట్టీ పోయిన చోట ఇప్పుడు నేలరంగే.
అతుకు కూడా తెలియదు.
నిన్న సకీనా బీ గుమ్మం దాకా వచ్చి,
అలవాటుగా ఆగి,
కొంగు సర్దుకుని, కాలు బాగా ఎత్తి అవతల వేసింది.
తర్వాత వెనక్కి తిరిగి నాకు చెయ్యి చాపింది.
"మెల్లగ రా. గీడనే ఉండె."

నేనూ కాలు ఎత్తే దాటాను.